.375 హాలండ్ మాగ్నమ్, .375 రూగర్: ఏది మేలు?

ఇవి పెద్ద జంతువుల వేటకు వాడే రెండు రైఫిల్ తూటాలు. రెండింటి గుండూ ఒకటే కొలత: 0.375 అంగుళం, అంటే దాదాపు 9.5 మిల్లీమీటర్లు. తేడా అంతా ఆ గుండునూ మందునూ మోసే ఇత్తడి గొట్టంలో, అంటే కేసులోనే. లండన్‌లోని తుపాకుల సంస్థ హాలండ్ అండ్ హాలండ్ 1912లో తెచ్చిన తూటాకు అడుగున బెల్టు, అంటే చుట్టూ ఉబ్బెత్తు కట్టు ఉంది. తూటాలు చేసే హార్నడీ, తుపాకులు చేసే రూగర్ కలిసి 2007లో తెచ్చినదానికి లేదు.

బెల్టు కేసుకు బలం కోసమని చాలామంది అనుకుంటారు. కాదు. చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గూటిలోకి దిగిన తూటా ఎక్కడో ఒకచోట ఆగాలి. చాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్టు నుంచి ఆ ఆగే చోటు దాకా ఉండే దూరాన్నే హెడ్‌స్పేస్ అంటారు. అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు, అంటే రిమ్ ఉన్న తూటా ఆ రిమ్ మీద ఆగుతుంది గానీ మ్యాగజైన్‌లో రిమ్‌లు ఒకదానికొకటి తగులుకుంటాయి. రిమ్ లేనిది షోల్డర్ మీద, అంటే కేసు మెడ దగ్గర సన్నబడే వాలు మీద ఆగుతుంది. హాలండ్ కాలంలో కేసులో నింపే పేలుడు మందు కార్డైట్, సేమ్యాలాంటి పొడవాటి పోగులు. ఎండ వేడికి దాని పీడనం పెరుగుతుంది. భారత్, ఆఫ్రికా వేసవుల్లో పేలిన కేసు చాంబర్ గోడను కరుచుకుంటే రెండో తూటా ఎక్కదు. అందుకే కేసును పొడవుగా, ఏటవాలుగా చేసి, షోల్డర్‌ను 15 డిగ్రీలకే ఉంచారు. అంత మెత్తని వాలు మీద తూటాను కచ్చితంగా ఆపడం కష్టం కాబట్టి, 1905 నాటి .400/.375లో వాడిన బెల్టునే మళ్ళీ తెచ్చారు. రెండు గొట్టాలుండే డబుల్ రైఫిళ్ళకు రిమ్ ఉన్న కవల కూడా ఒకటి వచ్చింది.

1925లో వచ్చిన .300 హాలండ్‌కు షోల్డర్ 8.5 డిగ్రీలే, బెల్టు లేకుండా కుదరదు. 1963 నాటి .300 వించెస్టర్ మాగ్నమ్‌కు 25 డిగ్రీలు. అక్కడ బెల్టు మాగ్నమ్ అని చాటే అలంకారం మాత్రమే.

రూగర్ చేసిన పని సులువైనదే. బెల్టు వ్యాసమైన 0.532 అంగుళాన్నే కేసు ఒంటి వ్యాసంగా తీసుకుని, వాలు తగ్గించి, షోల్డర్‌ను 30 డిగ్రీలకు నిలబెట్టింది. కేసు పొడవు 2.85 అంగుళాల నుంచి 2.58కి తగ్గినా మందు కాస్త ఎక్కువే పడుతుంది. 300 గ్రెయిన్ల (దాదాపు 19.4 గ్రాముల) గుండుకు హాలండ్ ఫ్యాక్టరీ తూటా సెకనుకు దాదాపు 2,530 అడుగులిస్తే, రూగర్ 2,660 ఇస్తుంది. ఆ నూటముప్పై అడుగులు అడవిదున్నకు తెలియవు, మీ భుజానికి తెలుస్తాయి.

అసలు లాభం యాక్షన్‌లో, అంటే తూటాను ఎక్కించి చాంబర్‌ను మూసే బోల్టు యంత్రాంగంలో ఉంది. హాలండ్ తూటా మొత్తం పొడవు 3.6 అంగుళాలు, దానికి పొడవాటి మాగ్నమ్ యాక్షన్ కావాలి. రూగర్‌ది 3.34, మామూలు వేట తూటా .30-06 యాక్షన్‌లోనే ఇముడుతుంది. రైఫిల్ తేలిక, ఖర్చూ తక్కువ. పొడవాటి బోల్టును కంగారులో పూర్తిగా వెనక్కి లాగకపోతే కింది తూటా అందదు, బోల్టు ఖాళీ చాంబర్ మీదే మూసుకుంటుంది. పొట్టి బోల్టుతో ఆ ముప్పు కొంత తగ్గుతుంది. అయితే సన్నగా సాగిన హాలండ్ కేసు చాంబర్‌లోకి జారినంత నున్నగా రూగర్ జారదు.

రీలోడింగ్, అంటే పేలిన కేసులో మళ్ళీ మందు, గుండు నింపడం చేసేవాళ్ళు బెల్టు దగ్గరే దెబ్బతింటారు. బెల్టు సరిగ్గా ఆనినా ముందు షోల్డర్‌కు ఖాళీ మిగలొచ్చు. పేలినప్పుడు కేసు అంతమేరా సాగి, బెల్టుకు కాస్త పైన గోడ పలచబడుతుంది. ప్రతిసారీ డైని (కేసును మళ్ళీ కొలతకు నొక్కే అచ్చును) కేసు అడుగును పట్టే షెల్ హోల్డర్‌కు ఆనించి షోల్డర్‌ను వెనక్కి నెడితే కొద్ది లోడింగ్‌లకే కేసు రెండు ముక్కలవుతుంది. డైని కొద్దికొద్దిగా దించుతూ, బోల్టు పిసరంత బిగువుతో మూసుకునే చోట ఆపండి. కొస వంచిన పేపర్ క్లిప్పును కేసు లోపలి గోడ వెంట లాగి చూడండి. బెల్టు పైన గాడి తగిలితే ఆ కేసును పారేయాల్సిందే. షోల్డర్ మీదే ఆగే రూగర్‌తో ఈ తంటా చాలావరకు ఉండదు.

ఇంటిదగ్గరే కాల్చి, తూటాలు తామే నింపుకునేవారికి రూగర్ మేలు. ఆఫ్రికా వెళ్ళేవారు మాత్రం హాలండే తీసుకోవాలి. అక్కడ చాలా దేశాల్లో ప్రమాదకర జంతువులకు .375 కనీస కొలత కాబట్టి చట్టానికి రెండూ సరిపోతాయి. కానీ విమానంలో తూటాల పెట్టె తప్పిపోతే, ఊరి దుకాణంలో దొరికే అవకాశం ఎక్కువ ఉన్నది బెల్టు ఉన్నదే.