మూడేళ్లు వాడిన రబ్బరు బ్యాండ్లు: చేతులకు సరే, కాళ్లకు చాలవు

మోకాలి నొప్పికని ఫిజియోథెరపిస్టు చెబితే పసుపు, ఎరుపు, నీలం రంగుల్లో మూడు వ్యాయామ బ్యాండ్లు కొన్నాను. 900 రూపాయలయింది. మాది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో రెండో అంతస్తు. ఇనుప బరువులు దించితే కిందింటివాళ్లు ఊరుకోరు.

చేతులకు, భుజాలకు బంగారం. కిటికీ ఊచకు కట్టి లాగితే పది నిమిషాల్లో చొక్కా తడుస్తుంది (మన ఉక్కపోతకు లాగకపోయినా తడుస్తుందనుకోండి). ఏడాదికల్లా భుజం పట్టేయడం పోయింది.

తంటా అంతా కాళ్లతోనే. బ్యాండును పాదాల కింద తొక్కిపెట్టి, పై కొస భుజాల మీదికి తెచ్చుకుని గుంజీలు తీయాలి. కిందికి కూర్చున్నప్పుడు, అంటే తొడలకు అసలు పని పడేచోట, రబ్బరు వదులైపోతుంది. నిలబడ్డాక బిగుస్తుంది. భుజాల మీద ఎర్రటి చారలు మాత్రం మిగులుతాయి.

శ్రీహరికోట రాకెట్లు మా మిద్దె మీదికి కనిపిస్తాయి కాబట్టి నాకీ పిచ్చి ఉంది: భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ వ్యోమగాముల వ్యాయామానికి మొదట రబ్బరు బలంతో పనిచేసే పరికరమే వాడారు, 136 కిలోల దాకా. 2008లో పంపిన ఏఆర్‌ఈడీ అనే కొత్త వ్యాయామ యంత్రంలో రబ్బరు పోయి వాక్యూమ్ సిలిండర్లు వచ్చాయి. కూర్చున్నా లేచినా బరువు దాదాపు ఒకేలా ఉంటుంది, 272 కిలోల దాకా పెట్టుకోవచ్చు. అంతెందుకంటే, గుంజీ తీస్తే మనం ఒంటి బరువు ఎలాగూ ఎత్తుతాం. అక్కడ అది ఉండదు, దాన్నీ యంత్రమే ఇవ్వాలి. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తాలన్నా భుజాలకు, నడుముకు పట్టీలు వేసి కిందికి లాగించుకోవాల్సిందే. అవి ఒరుసుకుపోతాయని వ్యోమగాములూ మొత్తుకుంటారు. నా చారలు ఏపాటివి!

ఇక మన్నిక. రెండో వేసవికి నీలంది జిగటగా తయారైంది, పౌడరు రాసి నెట్టుకొచ్చాను. కొన్నప్పుడు చేపలు తూచే కొక్కెం త్రాసుకు తగిలించి బారెడు సాగదీస్తే 11 కిలోలు చూపింది, రాసిపెట్టుకున్నా. ఇప్పుడు 8 దాటడం లేదు. నాకు బలం పెరిగిందని మురిసిపోయినదాంట్లో కొంత రబ్బరు నీరసమే! ఎరుపుది ఒకరోజు తెగి ముంజేతి మీద ఫెడీమని కొట్టింది. "కంట్లో తగిలుంటే ఏం చేసేవాళ్లండీ?" అని మా ఆవిడ చాలాసేపు వదల్లేదు. వాడేముందు ఊచ దగ్గర బ్యాండుకు చీలిక ఉందేమో చూసుకోండి.

కాళ్లకు ఇప్పుడు 10 కిలోల బియ్యం సంచి రొమ్ముకు హత్తుకుని గుంజీలు తీస్తున్నాను. భుజాలకు పసుపు, నీలం బ్యాండ్లే. తెగిన ఎరుపు ముక్కతో స్కూటరు వెనక కూరగాయల సంచి కడుతున్నా, ఆ పనికి భేషుగ్గా ఉంది.