ప్రోక్వాల్: కౌన్సెలర్ తన్ను తాను చూసుకునే 30 వాక్యాలు

గృహహింసకు గురైన స్త్రీలకు కౌన్సెలింగ్ చేసే నేను కొన్నేళ్లుగా మూడు నెలలకొకసారి ప్రోక్వాల్ (ProQOL) ప్రశ్నావళిని నింపుతున్నాను. ఇతరులకు సాయపడే వృత్తుల్లో ఉన్నవారిపై ఆ పని ఎలాంటి ప్రభావం చూపుతోందో తెలుసుకునే 30 వాక్యాల ప్రశ్నావళి ఇది. బెత్ హడ్నల్ స్టామ్ రూపొందించిన దీని ఐదో రూపం 2009 నాటిది. రూపకర్త పేరు ఉంచి, అమ్ముకోకుండా, మార్చకుండా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. గడిచిన 30 రోజుల్లో ఒక్కో వాక్యంలోని అనుభవం ఎంత తరచుగా కలిగిందో 1 నుంచి 5 వరకు అంకె వేయడమే పని.

దీని అసలు విలువ ఫలితాన్ని మూడుగా విడదీయడంలో ఉంది: సాయపడటంలోని తృప్తి, బర్నౌట్ (పని ఒత్తిడితో నిస్సత్తువగా, నిరాశగా అయిపోవడం), ఎదుటివారి ట్రామా (మనసుకు తగిలిన తీవ్ర గాయం) మనకు అంటుకోవడం. ఒక్కోదానికి పదేసి వాక్యాలు ఉంటాయి. స్వయంగా లెక్కించుకునే ప్రతిలో ఒక్కో భాగం మొత్తం 22 వరకు ఉంటే తక్కువ, 23 నుంచి 41 వరకు మధ్యస్థం, 42 నుంచి ఎక్కువ. ఒకసారి నా బర్నౌట్ 20 దగ్గరే ఆగింది కానీ, మూడోది 43కు చేరింది. కేసులు ఎక్కువయ్యాయి, నాలుగు రోజులు సెలవు పెడితే సర్దుకుంటుందని అప్పటిదాకా అనుకున్నాను. సెలవు పెట్టి ఊరికి వెళ్లినా, వంటింట్లో కిరోసిన్ వాసన తగలగానే ఎవరో చెప్పిన సంఘటన నాకే జరిగినట్టు కళ్లముందు మెదిలేది. పనిభారం తగ్గిస్తే బర్నౌట్ తగ్గవచ్చు, విన్నది వెంటాడుతున్నప్పుడు మాత్రం దాన్ని మరో అనుభవజ్ఞుల ముందు విప్పుకోవాలి. నెలకొకసారి ఉన్న సూపర్‌విజన్‌ను, అంటే అనుభవజ్ఞులతో నా కేసుల గురించి మాట్లాడుకునే సమావేశాన్ని, పదిహేను రోజులకొకసారికి మార్చుకుని, హింస కేసులను ఒకే రోజు వరుసగా తీసుకోవడం మానేశాక తర్వాతి లెక్కలో 34 వచ్చింది.

ఇది రోగనిర్ధారణ కాదు. బర్నౌట్ భాగంలో ఐదు వాక్యాల అంకెలను తిరగేసి (1ని 5గా, 2ని 4గా మార్చి) కూడాలి, మొదటిసారి నేను మరచిపోయి అనవసరంగా బెంబేలెత్తాను. నేను వాడే ఇంగ్లీషు ప్రతిలో వ్యవస్థలో కూరుకుపోయినట్టు ఉందా అనే అర్థం వచ్చే వాక్యం దగ్గర నా సహోద్యోగులు ప్రతిసారీ ఆగిపోతారు, తెలుగులో చెబితే క్షణంలో జవాబిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, నింపిన కాగితాన్ని పై అధికారి అడిగి తీసుకుంటే అందులో నిజం మిగలదు.

ఈ ఏడాది కొత్తగా చేరిన ఇద్దరికి మొదటి వారంలోనే ఖాళీ ప్రతులు ఇచ్చాను, నింపాక నాకు చూపించవద్దని చెప్పి.