1600 రెట్లు అన్నారు, 170 వచ్చింది: ఊజీ ఈగ కోసం కొన్న యూఎస్‌బీ మైక్రోస్కోప్

రెండు పంటలు దీనితో గడిపాను కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుంది. ధర 1,450 రూపాయలు, మడకశిర దగ్గర మా ఊరికి రావడానికి ఐదు రోజులు పట్టింది. పేరు రాయడం లేదు, ఎలాగూ ఇదే గొట్టాన్ని రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, చుట్టూ 8 లైట్లు, పక్కన ఒక చక్రం, బొమ్మ చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఎందుకు కొన్నానో ముందు చెప్తాను. మాది పట్టుపురుగుల ఇల్లు. ఊజీ అనే ఈగ పిల్లలు బతికున్న పట్టుపురుగు ఒంట్లోకి దూరి దాన్ని తినేస్తాయి, అందుకే నాలుగో జ్వరం (పురుగు నాలుగోసారి పొర విడిచే నిద్ర) లేచిన దగ్గర్నుంచి షెడ్డులో ఒక్క ఈగ కనబడినా మా నాన్నకి అన్నం సయించదు. చచ్చిన పురుగులు పారేసే గుంట మీద ఆ మధ్య బూడిదరంగు ఈగలు ముసిరాయి. పక్క షెడ్డు చిన్నాన్న వచ్చి "ఊజీ పడింది రా" అనేసరికి నాన్న ఆ సాయంత్రమే హిందూపురం పోయి మందు తెచ్చారు. తీరా చూస్తే అవి మాంసపు ఈగలు. అవి కుళ్లిన దాని మీద వాలేవే తప్ప బతికున్న పురుగు జోలికి వచ్చేవి కావు. పెట్టిన డబ్బులూ పోయాయి, పడిన టెన్షనూ వృథా. డిగ్రీలో జువాలజీ చదివినవాణ్ని ఇంట్లో ఉండి కూడా ఒక ఈగను గుర్తుపట్టలేకపోయానని సిగ్గేసి, ఆ రాత్రే దీన్ని ఆర్డర్ పెట్టాను.

ముందు తిట్టాల్సినవి తిట్టేస్తాను. డబ్బా మీద 1600 రెట్లు అని ఉంది. స్కూలు స్కేలు కింద పెట్టి చక్రం చివరిదాకా తిప్పితే నా 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెరంతా కలిపి రెండు మిల్లీమీటర్లు కనబడింది. తెర వెడల్పు 345 మిల్లీమీటర్లు, భాగిస్తే 170 చిల్లర, అంతే. స్టాండు ఇంకా ఘోరం, ఫోకస్ చక్రం ముట్టుకోగానే తల వాల్చేస్తుంది, చివరికి దాన్ని తీసి పారేసి సిమెంటు ఇటుకకి రబ్బరు బ్యాండ్లతో కట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్ సీడీలో ఇచ్చారు, ఈ రోజుల్లో సీడీ ఎక్కడ పెట్టాలో వాళ్లే చెప్పాలి. అదృష్టం కొద్దీ విండోస్‌లో ఉండే కెమెరా యాప్‌లోనే బొమ్మ వచ్చేసింది. నా ఫోన్‌కి తగిలిస్తే పని చేసింది, తమ్ముడి ఫోన్‌కి చేయలేదు.

అయినా దీన్ని వెనక్కి పంపలేదు, ఎందుకంటే ఈగను గుర్తుపట్టడానికి 1600 రెట్లు ఎవరికీ అక్కర్లేదు. 20 నుంచి 50 రెట్లు, మంచి వెలుతురు, కదలని చెయ్యి ఉంటే చాలు. అంతకన్నా పెంచితే ఒక్క వెంట్రుక స్పష్టంగా ఉండి మిగతా ఈగంతా పొగమంచులో కలిసిపోతుంది.

మా దగ్గర అందరూ చూసేది వీపు మీది గీతలు. ఊజీకి నాలుగు నల్ల గీతలు, మాంసపు ఈగకి మూడు. కానీ ఇంటి ఈగకి కూడా నాలుగే ఉంటాయి కాబట్టి గీతలు లెక్కపెట్టి తీర్పు చెప్పకండి. అసలు గుర్తు వీపు చివర ఉంటుంది. అక్కడ స్క్యూటెల్లమ్ అని ఒక చిన్న త్రికోణపు పలక, దాని కిందుగా ఇంకో ఉబ్బు, బొజ్జలాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది టాకినిడే కుటుంబం, అంటే ఊజీ వంశం. మాంసపు ఈగకి గానీ ఇంటి ఈగకి గానీ ఆ ఉబ్బు ఉండదు. పైనుంచి చూస్తే ఎంత వెతికినా దొరకదు, ఈగను పక్కకి తిప్పి 30 రెట్ల దగ్గర చూడాలి. మొదటిసారి అది కనబడినప్పుడు గట్టిగా అరిచాను, అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

తర్వాత మీసం. మీసం మీద నిలబడే సన్నని పోచను అరిస్టా అంటారు. ఇంటి ఈగకి అది కొసదాకా ఈకలాగా ఉంటుంది, మాంసపు ఈగకి మొదట్లో ఈకలు ఉండి కొస నున్నగా ఉంటుంది, ఊజీకి మొత్తం నున్నగా ఉంటుంది. ఇది చూడ్డానికి మాత్రం ఈ మైక్రోస్కోప్ బంగారం.

లైట్లు నేరుగా పడితే ఈగ ఒళ్లు మెరిసి తెల్లగా మండిపోయినట్టు కనిపిస్తుంది, లైట్ల ముందు బటర్ పేపర్ ముక్క అంటించండి. ఈగను ఫ్రీజర్లో పెట్టి చంపండి, స్పిరిట్‌లో వేయకండి, వెంట్రుకలు అతుక్కుపోతాయి, గీతల్ని చూపించే బూడిద పొర కూడా పాడవుతుంది. సూది వీపు నడిమధ్యన కాకుండా కాస్త కుడివైపుకి గుచ్చండి, కుడివైపు వెంట్రుకలు ఊడినా లెక్కపెట్టుకోడానికి ఎడమవైపువి మిగులుతాయి.

కుటుంబం వరకు ఇంత సులువు, ప్రజాతి (కుటుంబం లోపలి చిన్న గుంపు, జీనస్) దగ్గరికి వచ్చేసరికి చుక్కలు కనబడ్డాయి. టాకినిడేలో ఎనిమిది వేలకు పైగా జాతులున్నాయి. కళ్ల మీద వెంట్రుకలున్నాయా, ముఖం అంచున బిరుసు వెంట్రుకలు ఎంత ఎత్తుదాకా ఎక్కాయి, వీపు మీది అడ్డ గాడికి వెనక వరుసలో ఎన్ని ఉన్నాయి, ఇలా ప్రశ్న మీద ప్రశ్న. ఒక్కో ఈగకి గంట పట్టింది, రెండుసార్లు తప్పుదారి పట్టాను. మన ఊజీ ఎక్సోరిస్టా ప్రజాతి, ఎక్సోరిస్టా బాంబిసిస్. పాత పుస్తకాల్లో ట్రైకోలైగా బాంబిసిస్ అనో ఎక్సోరిస్టా సార్బిల్లాన్స్ అనో ఉంటుంది, ఖంగారు పడకండి.

ప్రజాతి పేరుతో రైతుకేం పని అని నాన్న అడిగారు. పని ఉంది. ఊజీ అన్న మాటే జపాన్‌ది, అక్కడ దాని అర్థం పురుగు, అంటే ఈగ పిల్ల. కానీ జపాన్ ఊజీ బ్లెఫారిపా అనే వేరే ప్రజాతి, అది చిట్టి గుడ్లు మల్బరీ ఆకు మీద పెడుతుంది, ఆకుతో పాటు పట్టుపురుగు వాటిని మింగుతుంది. 1980లో బెంగాల్ వైపు నుంచి కర్ణాటకకి వచ్చి మనల్ని పీడిస్తున్న ఎక్సోరిస్టా గుడ్డును నేరుగా పురుగు ఒంటి మీదే అంటిస్తుంది. అంటే ఆకును ఎంత కడిగినా లాభం లేదు, కిటికీలకీ తలుపుకీ నెట్ సరిగ్గా ఉందా లేదా అన్నదే లెక్క.

గుడ్డు అర మిల్లీమీటరు, తెల్లగా, నువ్వుగింజ కన్నా చిన్నగా ఉంటుంది. నాన్న కళ్లజోడుకి అందనివి ఈ తెర మీద పెసరగింజల్లా కనబడుతున్నాయి. గుడ్డు పొదిగి ఈగ పిల్ల పురుగు లోపలికి దూరిన చోట నల్ల మచ్చ పడుతుంది, ఆ మచ్చ వచ్చాక మందు కొట్టినా చేసేదేం లేదు. బతికున్న పురుగును చూపించడం మాత్రం నరకం, ఫోకస్ కుదిరే లోపల తల ఎత్తి పక్కకి పోతుంది.

ఐదుకి మూడు. ఒకటి స్టాండుకి, ఇంకొకటి ఆ 1600కి కోసేశాను. ఊజీయా కాదా అని తేల్చుకుంటే చాలు అనుకునేవాళ్లు ఇది కొనకండి, మంచి 10 రెట్ల భూతద్దంలో ఎండలో పక్కకి తిప్పి చూస్తే ఆ ఉబ్బు తెలిసిపోతుంది. నాలాగా వెంట్రుకలు లెక్కపెట్టే పిచ్చి ఉన్నా, గుడ్ల ఫోటోలు తీసి వాట్సాప్‌లో పట్టు శాఖ సారుకి పంపాలన్నా తీసుకోండి, ఇటుక మాత్రం ముందే సిద్ధం చేసుకోండి.