ఏడేళ్లు, మూడు అద్దె ఇళ్లు, ఒకే ఏజెంటు: విజయవాడలో నా అనుభవం

2018 జులైలో మావారికి రాజమండ్రి నుంచి విజయవాడకు బదిలీ అయింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు మేము మూడు ఇళ్లలో అద్దెకున్నాం, మూడూ ఒకే ఏజెంటు ద్వారా దొరికినవే. అరవై దాటిన మనిషి కావడంతో ఆయనను చుట్టుపక్కల అందరూ బాబాయి గారనే పిలుస్తారు, మాకూ అదే అలవాటైంది. ఆయనకు ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా ఒక పాత స్కూటరు, చొక్కా జేబులో చెమటకు మెత్తబడిపోయిన చిన్న నోటు పుస్తకం. ఏ అపార్ట్‌మెంట్‌లో ఎన్నో అంతస్తు ఎప్పుడు ఖాళీ అవుతుందో, దాని ఓనరు ఎక్కడుంటారో, ఎంత చెప్పి ఎంతకు దిగుతారో మొత్తం అందులోనే ఉంటుంది. ఒక ఇల్లు చూపించగానే ఏజెంటు మంచివాడో కాడో చెప్పేయడం తొందరపాటు అవుతుంది కాబట్టి, మూడో ఇంట్లో ఏడాది గడిచాకే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఆయన కమీషన్ లెక్క చెప్పాలి, ఎందుకంటే ఆయన ప్రవర్తన అంతా దాని నుంచే వస్తుంది. మొదటి ఇంటికి ఒక నెల అద్దె తీసుకున్నారు, తర్వాతి రెండింటికీ సగం నెల అద్దెకు ఒప్పుకున్నారు. ఓనరు దగ్గర కూడా ఎంతో కొంత తీసుకుంటారని నాకు తెలుసు, అది ఆయన దాచలేదు. బేరంలో అద్దె వెయ్యి రూపాయలు తగ్గితే నాకు ఏడాదికి పన్నెండు వేలు మిగులుతాయి, ఓనరుకు అంతే పోతుంది, ఆయనకు మాత్రం ఒకే ఒక్కసారి ఐదు వందలో వెయ్యో తగ్గుతుంది. అందువల్ల అద్దె ఎంతకు తెగినా ఆయనకు పెద్ద పట్టింపు లేదు. ఈ వారంలో తెగడమే ఆయనకు కావాలి. మొదట్లో ఆయన మా పక్షమనుకున్నాను, తర్వాత కొంతకాలం ఓనరు పక్షమని కోపం పెంచుకున్నాను. ఆయన పక్షం బేరం ముగియడమేనని అర్థమైన తర్వాతే ఆయనను సరిగ్గా వాడుకోవడం చేతనైంది.

మొదటి ఇల్లు మొగల్రాజపురంలో రెండో అంతస్తులోని డబుల్ బెడ్‌రూమ్. ఓనరు గన్నవరంలో ఉండే రిటైరైన ఉద్యోగి, పదిన్నర వేలు చెప్పారు. మేము చూసే నాటికి ఆషాఢం మొదలైంది. ఆషాఢంలో ఎవరూ పాలు పొంగించరు, కాబట్టి ఖాళీగా ఉన్న ఇల్లు శ్రావణం దాకా ఖాళీగానే ఉంటుంది. బాబాయి గారు ఆ ఖాళీ హాల్లో కిటికీ గట్టు మీద కూర్చుని ఫోను స్పీకర్లో పెట్టారు. "పార్టీ చాలా మంచివాళ్లండీ, ఇద్దరూ ఒక పాపా అంతే. ఆషాఢమని వెనకాడుతున్నారు. తాళం వేసుకుని కూర్చునే బదులు ఇవాళ టోకెన్ తీసేసుకుని, శ్రావణం నుంచి అద్దె లెక్క వేసుకుంటే ఇద్దరికీ బాగుంటుంది కదండీ" అన్నారు. అవతల ఓనరు ఆలోచిస్తున్న ఆ కాసేపట్లో అరచేత్తో ఫోను మూసి, "అమ్మా, తొమ్మిదిన్నర అని ఒక్క మాట అనండి, మిగతాది నేను చూసుకుంటాను" అని గొంతు తగ్గించి చెప్పారు. నేను ఎనిమిదిన్నర అందామనుకుంటున్నాను. ఓనరు తొమ్మిదిన్నరకు దిగుతారని ఆయనకు ముందే తెలుసని, ఎనిమిదిన్నర అంటే బేరం ఇంకో మూడు రోజులు సాగుతుందని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. అయినా అద్దె ఆగస్టు రెండో వారం నుంచి, అంటే శ్రావణం వచ్చాక మొదలయ్యేలా చేశారు. దాదాపు నెల అద్దె మాకు అలా కలిసి వచ్చింది, ఆయన కమీషన్ అక్కడికక్కడే సరిపోయింది.

అసలు పేచీ అద్దె దగ్గర రాలేదు, పాన్ కార్డు దగ్గర వచ్చింది. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఇంటి అద్దె అలవెన్స్ మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి, మా అద్దె ఏడాదికి 1,14,000. ఓనరు పాన్ ఇవ్వనన్నారు. బాబాయి గారి దగ్గర మందు సిద్ధంగా ఉంది: "కాగితం మీద ఎనిమిది వేల మూడు వందలు రాసుకుందాం, మిగతా పన్నెండు వందలు చేతికి ఇవ్వండి." ఆ లెక్కన ఏడాదికి 99,600 అవుతుంది, లక్షకు నాలుగు వందలు తక్కువ. ఎన్ని ఇళ్లకు ఇలా రాయించి ఉంటే అంత తేలిగ్గా ఆ అంకె నోట్లోంచి వచ్చిందో! రేపు అడ్వాన్స్ విషయంలో తగాదా వస్తే మా చేతిలో ఉండేది ఆ అబద్ధపు కాగితమే కాబట్టి మేము ఒప్పుకోలేదు. మావారు నేరుగా ఓనరుతో మాట్లాడి, అద్దె ఆదాయంలో ముప్పై శాతం మినహాయింపు ఎలాగూ ఉంటుందని, ఆయనకు లెక్కలోకి వచ్చేది సుమారు ఎనభై వేలేనని వివరించాక ఆయన మెత్తబడ్డారు. ఏజెంటును పక్కన పెట్టి ఓనరుతో మాట్లాడవలసిన విషయాలు కొన్ని ఉంటాయని అప్పుడే తెలిసింది.

అగ్రిమెంట్ మాత్రం అందరికీ ఉన్నట్టే స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాశారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలని ఉంది, ఈ పదకొండు నెలల ఆచారం దాని నుంచే వచ్చింది. మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత గడువు ఎంతైనా రిజిస్టర్ చేయించాలనే ఉంది, అయినా ఆచారం మారలేదు. ఖాళీ చేయడానికి నెల ముందు చెప్పాలన్న షరతు ఇద్దరికీ వర్తించేలా రాయించమని అడిగాను. బాబాయి గారి నమూనా కాగితంలో అది అద్దెకున్నవాళ్లకే ఉంది. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు చట్టం చెప్పేది పదిహేను రోజుల నోటీసే, చిన్నపిల్లతో పదిహేను రోజుల్లో ఇల్లు వెతుక్కోవడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. ఆ నెల గడువు 2021లో మాకు పనికొచ్చింది. హైదరాబాద్‌లో ఉండే ఓనరు కొడుకు ఇంటి నుంచే పనిచేస్తానని తిరిగి వచ్చేయడంతో మేము ఖాళీ చేయవలసి వచ్చింది.

రెండో ఇల్లు అజిత్‌సింగ్ నగర్‌లో. మూడు రాజధానుల ప్రకటన, ఆ వెంటనే కరోనా రావడంతో ఊళ్లో ఎక్కడ చూసినా టులెట్ బోర్డులే కనిపించేవి. మొదటి దానికంటే పెద్ద ఇల్లు ఎనిమిదిన్నర వేలకే దొరికింది, ఇక బేరం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్కటి మాత్రం గమనించాను. ఆ ప్రాంతం బాబాయి గారిది కాదు కాబట్టి అక్కడి మరో ఏజెంటుతో కమీషన్ చెరిసగం పంచుకున్నారు. అలాంటప్పుడు ఓనరు స్వభావం, అపార్ట్‌మెంట్ చరిత్ర ఆయనకు తెలియవు, మనం ఆయనకు ఇచ్చే డబ్బుకు విలువ సగానికి పడిపోతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద వచ్చింది. మేము రెండో అంతస్తులో ఉన్నందువల్ల సామాను దక్కింది కానీ కింద పార్కింగ్‌లో స్కూటరు, మోటారు, కరెంటు మీటర్లు అన్నీ మునిగిపోయాయి, మూడో రోజున పడవలో బయటికి వచ్చాం. అక్టోబరులో ఖాళీ చేస్తామని చెప్పినప్పుడు ఓనరు పెయింటింగ్‌కని ఒక నెల అద్దె, పాడైన మీటరు బోర్డుకని మరో నాలుగు వేలు అడ్వాన్స్‌లో కోసుకుంటామన్నారు. అక్కడి ఏజెంటు ఫోనెత్తడం మానేశాడు. మా బాబాయి గారు మాత్రం, ఒక్క పైసా ఆశించకుండా, ఇంకా బురద వాసన పోని ఆ మెట్లెక్కి వచ్చి కూర్చున్నారు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో, అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని, అయితే మామూలు వాడకపు అరుగుదలకు, ఎవరి చేతిలోనూ లేని విపత్తు వల్ల జరిగినదానికి వాళ్ల బాధ్యత లేదని ఉంది. వేరే షరతు రాసుకోకపోతేనే అది వర్తిస్తుంది, మా అగ్రిమెంట్‌లో వేరే షరతు లేదు. దాన్ని తెలుగులో రాసి పట్టుకెళ్లాను. బాబాయి గారు ఆ కాగితాన్ని కళ్లజోడు పైకెత్తి రెండుసార్లు చదివి, ఓనరుతో "వరదకి మీటరు పోతే వీళ్లేం చేస్తారండీ, చట్టమే చెబుతోంది" అన్నారు, ఏదో ముప్పై ఏళ్లుగా ఆ సెక్షన్ తనకు కంఠతా వచ్చినట్టు. మీటరు మాట పోయింది, పెయింటింగ్ సగానికి తగ్గింది. మిగతా సగం మాత్రం ఎంత వాదించినా రాలేదు.

ఇంత చేసిన మనిషే ఆ తర్వాత నెలలో మాకు ఏలూరు రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్ చూపిస్తూ, "ఇక్కడికి చుక్క నీళ్లు రాలేదమ్మా" అన్నారు. పైన ఇల్లు చక్కగా ఉంది, తూర్పు ముఖం, గాలి బాగా వస్తోంది. దిగి వస్తూ పార్కింగ్‌లో చూస్తే స్తంభాలన్నిటికీ నా భుజాల ఎత్తు వరకే కొత్త సున్నం ఉంది. దాని పైన పాత రంగు, దుమ్ము, ఎప్పటిదో వినాయక చవితి చందా కాగితం. వాచ్‌మన్ భార్యను అడిగితే తన మెడ దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. బాబాయి గారు స్కూటరు తాళం వెతుక్కోవడంలో మునిగిపోయారు. అప్పటి నుంచి ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా ముందు పార్కింగ్, మీటర్ల గోడ, లిఫ్టు గుంట చూసిన తర్వాతే పైకెక్కుతున్నాను.

మూడో ఇల్లు కానూరులో దొరికింది. ఓనరు అమెరికాలో ఉంటారు, వ్యవహారమంతా పెనమలూరులో ఉండే ఆయన తండ్రి చూసుకుంటారు. పదహారు వేలు చెప్పారు. ఎందుకంత అంటే బాబాయి గారు "అమరావతి మళ్లీ మొదలైంది కదమ్మా" అన్నారు. 2018లోనూ ఇదే మాట, అప్పుడు "అమరావతి వస్తోంది కదమ్మా". మధ్యలో ఆగిన అయిదేళ్లూ ఆయన ఆ ఊరి పేరే ఎత్తలేదు. నేను అద్దె మీద ఎక్కువసేపు వాదించలేదు. "ఆదివారంలోగా తేలితే టోకెన్ ఇస్తాను, లేకపోతే పటమటలో చూసిన ఇల్లు ఖాయం చేస్తాను" అని చెప్పి, నాకు కావలసినవి వరుసగా చెప్పాను: కిటికీలకు, బాల్కనీకి దోమల మెష్, పడమటి బెడ్‌రూమ్‌లో ఏసీకి వైరింగ్, పనిచేసే గీజర్. మేలో ఈ ఊళ్లో పడమటి గోడ రాత్రి పదింటికి కూడా చేయి పెట్టనివ్వదు. ఇవేవీ బాబాయి గారి కమీషన్‌ను తాకవు, గడువేమో ఆయనకు నచ్చింది, కాబట్టి పెద్దాయన వెంటపడి అన్నీ ఒప్పించారు. అద్దె పదిహేను వేలకు తెగింది. అడ్వాన్స్ మూడు నెలలన్నారు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలలకు మించకూడదని ఉందని నేనంటే, "అది నమూనాయే కదమ్మా, ఇక్కడ ఎవరు వింటారు" అని బాబాయి గారు నవ్వేశారు, కానీ పెద్దాయనతో మాట్లాడేటప్పుడు అదే మాట గట్టిగా వాడి రెండు నెలలకు దించారు. ఏడాదికి అయిదు శాతం పెంపు, పెయింటింగ్‌కు ఏమీ కోయకపోవడం, మెయింటెనెన్స్ పదిహేను వందలు దాటితే ఆ పైది ఓనరు భరించడం, ఈ మూడూ అగ్రిమెంట్‌లోనే రాయించాం. కమీషన్‌లో సగం టోకెన్ నాడు ఇచ్చి, మిగతా సగం మెష్ బిగించిన రోజున ఇచ్చాను. అదే లేకపోతే ఆ మెష్ ఈనాటికీ వచ్చేది కాదని నా నమ్మకం.

లోపాల్లో పెద్దది ఆయన అబద్ధాలు రెండు వైపులా చెప్పడం. మొగల్రాజపురం ఓనరుకు మేము గుడ్డు కూడా ముట్టమని చెప్పారట. ఒక ఆదివారం పులస కూడా కాదు, మామూలు బొచ్చె పులుసు పెట్టుకుంటే, అద్దె తీసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి గుమ్మంలోనే ఆగిపోయి నా వంక చూసిన చూపు నేను మరచిపోలేను. ఓనర్లు "వాళ్లేమిట్లు?" అని కులం అడిగితే మమ్మల్ని అడగకుండానే తోచింది చెప్పేస్తారు. మావారి జీతం కూడా మేము చెప్పినదానికి పది వేలు కలిపి చెబుతారు, దాంతో అద్దె తగ్గించమని అడిగే మన నోరు ముందే మూసుకుపోతుంది. ఐదుకు మార్కులు వేయమంటే మూడున్నర వేస్తాను, ఆ అర మార్కు బురద మెట్లెక్కి వచ్చినందుకు.

ఈ మధ్యే కానూరు ఇంటికి రెన్యువల్ అయింది. పెద్దాయన నేరుగా ఫోన్ చేశారు, అయిదు శాతం లెక్కన 15,750కి కొత్త కాగితం రాసుకున్నాం. మర్నాడు బాబాయి గారు ఫోన్ చేసి, రెన్యువల్‌కు తనకు ఏమైనా ఇస్తారేమోనని మెల్లగా అడిగారు. ఆయన పని ఇందులో ఏమీ లేదు కాబట్టి ఇవ్వలేనని చెప్పి, ఆటోనగర్‌లో ఉద్యోగం వచ్చిన మా తమ్ముడికి చిన్న ఇల్లు చూడమన్నాను. ఎంతలో కావాలి, ఎటువైపు కావాలి అని ఉత్సాహంగా అడిగి రాసుకున్నారు. చివర్లో, "తమ్ముడు గారికి పెళ్లయిందా అమ్మా?" అన్నారు. కాలేదన్నాను. కాసేపు ఫోన్లో నోటు పుస్తకం కాగితాలు తిరిగే చప్పుడు మాత్రమే వినిపించింది.