చెరువు గట్టు టార్చిలో శాంసంగ్ 35ఇ సెల్లు: ఎంపిక, వాడకం, జాగ్రత్తలు

భీమవరం నుంచి నరసాపురం దాకా వనామీ రొయ్యల చెరువులున్న ఏ ఊరికి చీకటి పడ్డాక వెళ్లినా, గట్ల మీద కదిలే వెలుగుల్లో చాలా భాగం తలకు కట్టుకునే టార్చిలవే. చెక్ ట్రే (మేత వేసి చెరువులోకి దించే పళ్లెం) పైకి లాగి మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో చూడాలంటే రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి, చేత్తో పట్టుకునే లైటు అక్కడ పనికిరాదు. టార్చి ఏ కంపెనీదైనా కావచ్చు. తెల్లవారుజామున, చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గే వేళలో, అది వెలుగుతుందా ఆరిపోతుందా అన్నది లోపలి సెల్లు తేలుస్తుంది. మా మకాంలో (చెరువు దగ్గరి పాకలో) చాలాకాలంగా వాడుతున్న శాంసంగ్ 35ఇ సెల్లు గురించి నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ పనికి ఇంతకంటే మెరుగైనది కొననవసరం లేదు, కాని అన్ని పనులకూ ఇది సరిపోదు.

ఇది 18650 కొలత సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోను, పవర్ బ్యాంకుల్లోను, ఎలక్ట్రానిక్ సిగరెట్లలోను కనిపించేది ఈ కొలతే. బజారులో దీనికి నకిలీలు విపరీతం. దగ్గరి పట్టణంలో, పేరు అనవసరమైన ఒక దుకాణంలో, టార్చితో పాటు నాకు అంటగట్టిన సెల్లు మీద 9800 ఎంఏహెచ్ (సెల్లు ఎంత విద్యుత్తు దాచుకోగలదో చెప్పే కొలత) అని పెద్ద అక్షరాలతో ఉంది. ఈ కొలతలో మామూలుగా దొరికే మంచి సెల్లు సామర్థ్యం 3500 దగ్గర ఆగిపోతుంది కాబట్టి, ఆ అంకె చూడగానే అది అబద్ధమని చెప్పేయవచ్చు. అయినా సరిచూద్దామని, చెరువుకు ప్రోబయోటిక్ తూచే చిన్న డిజిటల్ కాటా మీద పెడితే ముప్పై గ్రాములు దాటలేదు. అసలైన 35ఇ యాభై గ్రాములకు కాస్త తక్కువగా తూగుతుంది. సామర్థ్యం కొలిచే చార్జరులో పెట్టినప్పుడు ఆ నకిలీ సెల్లు వెయ్యి కూడా అందుకోలేదు. దాని ధరకు మూడింతలు పెట్టి కొన్న 35ఇ మాత్రం కంపెనీ చెప్పిన అంకెకు దగ్గరగానే చూపించింది. అంకెలు, కొలతలు అర్థం కాని వారు కూడా కాటాను మాత్రం నమ్మవచ్చు.

కంపెనీ లెక్క ప్రకారం 35ఇ సామర్థ్యం సుమారు 3400 నుంచి 3500 ఎంఏహెచ్, ఆగకుండా ఇవ్వగల గరిష్ఠ విద్యుత్తు 8 ఆంపియర్లు, నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. పై తొడుగు గులాబీ రంగులో ఉంటుంది. అదే కంపెనీ 30క్యూ సెల్లు కూడా అదే రంగులో ఉంటుంది కాబట్టి రంగు చూసి కొనకుండా తొడుగు మీది అక్షరాలు చదవాలి. తలకు కట్టుకునే టార్చి పూర్తి వెలుగులో కూడా రెండు మూడు ఆంపియర్లకు మించి లాగదు. అందువల్ల ఈ సెల్లు చల్లగా, నింపాదిగా పనిచేస్తుంది. వెలుగు పడగానే నీళ్లలో రొయ్యల కళ్లు ఎర్రగా మెరిసే దృశ్యం చెరువుల వారికి తెలిసిందే. నకిలీ సెల్లుతో రెండో చెరువుకు వెళ్లేసరికే ఆ మెరుపు కనిపించడం మానేసేది, దీనితో రాత్రి చివరి ట్రే వరకూ కనిపిస్తుంది.

సామర్థ్యం ఎక్కువగా ఉన్న సెల్లు విద్యుత్తును వేగంగా ఇవ్వలేదు, వేగంగా ఇచ్చే సెల్లులో సామర్థ్యం తగ్గుతుంది. కొనేవారు పట్టించుకోనిది ఈ లంకెనే. 30క్యూ సామర్థ్యం 3000 ఎంఏహెచ్, 15 ఆంపియర్లు ఇస్తుంది. అదే కంపెనీ 25ఆర్ సామర్థ్యం 2500 మాత్రమే గాని 20 ఆంపియర్లు ఇస్తుంది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన మా వీధి అబ్బాయి ఒకడు, అక్కడ తన వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) పరికరంలో ఏ సెల్లు వేసుకోవాలని అడిగినప్పుడు ఈ 35ఇ వద్దన్నాను. కారణం బడిలో చదివిన ఓమ్ సూత్రమే: ఏ నియంత్రణ సర్క్యూటూ లేని పరికరంలో పొగ పుట్టించడానికి వేడెక్కే 0.5 ఓమ్ తీగచుట్టను నిండు సెల్లుకు తగిలిస్తే 8.4 ఆంపియర్లు పారుతుంది, అంటే అప్పటికే ఈ సెల్లు హద్దు దాటినట్టు. 0.2 ఓమ్ తీగచుట్టయితే 21 ఆంపియర్లు, అది 25ఆర్‌కు కూడా ఎక్కువే. నియంత్రణ ఉన్న పరికరంలో లెక్క వేరు: 60 వాట్లు కావాలంటే, సెల్లు 3.2 వోల్టులకు దిగిన సమయంలో దాదాపు 19 ఆంపియర్లు లాగుతుంది, అంటే ఖాళీ అయ్యే కొద్దీ సెల్లు మీద భారం పెరుగుతుంది. రెండు సెల్లులు వేసే పరికరమైతే ఒకేసారి కొన్న, ఒకే రకం జతను ఎప్పుడూ కలిపే వాడి, కలిపే చార్జ్ చేయాలి. పాతదానితో కొత్తది జోడిస్తే బలహీనమైనది ముందుగా అడుగంటి, రెండోది దాన్ని ఇంకా కిందికి లాగుతుంది.

మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ 2019 చట్టంతో నిషిద్ధమయ్యాయి. మొదటిసారి పట్టుబడి అమ్మినట్టు రుజువైతే ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కాబట్టి ఇక్కడ ఆ పరికరానికి సెల్లు సిఫారసు చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే విడి సెల్లుల ప్రమాదం గురించి ప్రపంచానికి ముందుగా పాఠం నేర్పింది ఆ పరికరాలే. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2021 జనవరిలో, 18650 విడి సెల్లులను కొనవద్దని, వాడవద్దని హెచ్చరించింది. ఇవి రక్షణ సర్క్యూటుతో (అతిగా చార్జ్ కాకుండా, అతిగా ఖాళీ కాకుండా, షార్టు కాకుండా ఆపే ఏర్పాటుతో) కూడిన పెద్ద ప్యాకులలో అమర్చడానికి తయారైనవని గుర్తుచేసింది. ఆ హెచ్చరిక 35ఇకి కూడా వర్తిస్తుంది. ఇందులో లోపల రక్షణ సర్క్యూటు లేదు. దీన్ని వాడదలచుకుంటే ఆ బాధ్యత టార్చి సర్క్యూటు మీద, మన జాగ్రత్త మీద పడుతుంది.

రక్షణ సర్క్యూటు అతికించిన రకాలు కూడా దొరుకుతాయి, అవి 69 లేదా 70 మిల్లీమీటర్లు ఉంటాయి. కొన్ని టార్చిలలో పట్టవు. అసలు 35ఇ ధన (ప్లస్) కొస చదునుగా ఉంటుంది. ధన కొస పొడుచుకు రావాలని కోరే టార్చిలో అది తగలదు. దానికి పరిష్కారంగా సోల్డరు బొట్టు వేసి ఇస్తామనే వారి దగ్గర నుంచి వెంటనే సెల్లు వెనక్కి తీసుకోండి, ఆ వేడి లోపలి సీలును పాడుచేస్తుంది. పాత ల్యాప్‌టాప్ ప్యాకులు విప్పి ఇచ్చే సెల్లుల సంగతి చెప్పనక్కరలేదు.

వాడకంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువులు రెండు, ఉప్పుగాలి, ఎండ. ఉప్పునీటి చెరువుల దగ్గర టార్చి స్ప్రింగు మీద కొద్ది వారాల్లోనే పచ్చని చిలుము పడుతుంది. తగులు సరిగా లేక వెలుగు తగ్గితే జనం సెల్లునే తిడతారు. పొడి గుడ్డతో రెండు కొసలూ, స్ప్రింగూ తుడిస్తే సగం ఫిర్యాదులు తీరతాయి. అదే స్ప్రింగు పదును సెల్లు తొడుగును గీరుతుంది. సెల్లు లోహపు డబ్బా మొత్తం రుణధ్రువమే కాబట్టి, ధన కొస చుట్టూ ఉన్న తెల్లని వలయం దగ్గర తొడుగు చిరిగితే గోరంత లోహం తగిలినా షార్టవుతుంది. తొడుగు చిరిగిన సెల్లును కొత్త తొడుగు వేసేదాకా టార్చిలో పెట్టకూడదు. మార్పిడి సెల్లును మోటారు బండి తాళాలు, చిల్లర ఉన్న లుంగీ మడతలోనో చొక్కా జేబులోనో వేసుకునే అలవాటు ఇంకా ప్రమాదం. ఇరవై ముప్పై రూపాయల ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది, మా మకాంలో అది లేకుండా ఎవరికీ రెండో సెల్లు ఇవ్వం.

చార్జింగుకు కంపెనీ పెట్టిన ఉష్ణోగ్రత హద్దు 45 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రేకుల మకాం లోపల వేడి ఆ హద్దును సులభంగా అందుకుంటుంది కాబట్టి, పగలు పెట్టే చార్జింగును పొద్దుగూకాక, లేదా తెల్లవారాక చల్లని పూట పెట్టుకోవాలి. రాత్రంతా వాడి తెచ్చిన సెల్లును చేతికి వెచ్చగా తగులుతుండగానే చార్జరులో పెట్టకూడదు. చార్జరును మేత బస్తాల మీద పెట్టడం నేను చాలా మకాంలలో చూశాను. గచ్చు మీదనో, పెంకు మీదనో పెట్టి, మనుషులు మెలకువగా ఉన్న వేళ చార్జ్ చేయాలి. ఒక ఆంపియరు వేగం 35ఇకి హాయిగా సరిపోతుంది. ఏరేటర్ల (చెరువు నీటికి గాలి అందించే యంత్రాల) దగ్గర కరెంటు పోయి జనరేటరు ఎక్కే సమయంలో వోల్టేజి ఎగిరిపడుతుంది గనుక, చార్జరు అడాప్టరు మంచిదై ఉండాలి. ఇక్కడ పొదుపు చేసి ప్రయోజనం లేదు.

చౌక టార్చిలలో సెల్లు వోల్టేజి పడిపోతే ఆపే ఏర్పాటు ఉండదు, వెలుగు మసకబారినా లాగుతూనే ఉంటాయి. సెల్లు రెండున్నర వోల్టుల కంటే బాగా కిందకు దిగి అలాగే పడి ఉంటే, లోపలి రాగి రేకు కరగడం మొదలై, మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి లోపలే షార్టు దారి వేయగలదు. అందుకే వెలుగు తగ్గడం గమనించిన వెంటనే మార్చాలి; చార్జరు తిరస్కరించిన సెల్లును వైర్లతో బలవంతంగా లేపే ప్రయత్నం చేయకూడదు. పంట పట్టేసి చెరువు ఎండబెట్టే వారాల్లో టార్చిలన్నీ మూల పడతాయి. ఆ కాలానికి సెల్లులను నిండుగాను, ఖాళీగాను వదలకుండా, సగం దగ్గర, అంటే 3.6 లేదా 3.7 వోల్టుల దగ్గర, టార్చిలోంచి తీసి చల్లని చోట పెట్టాలి. నిండుగా చార్జ్ చేసి వేసవి వేడిలో వదిలేసిన సెల్లు త్వరగా ముసలిదవుతుంది.

కొనేటప్పుడు బిల్లు అడగండి. లిథియం సెల్లులకు ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు మన దేశంలో తప్పనిసరి. ఆ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే సంఖ్య గురించి అడిగినప్పుడు దుకాణదారు తత్తరపడితే అదే మీకు సమాధానం. ఉబ్బిన, వాసన వస్తున్న, చార్జ్ నిలవని సెల్లును చెరువులోనో కాలువలోనో విసరకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారు మీద పెట్టాయి, కాని ఊళ్లలో ఆ ఏర్పాటు నాకైతే కనిపించలేదు. రెండు కొసలకూ టేపు చుట్టి, ఇసుక పోసిన డబ్బాలో ఉంచి, పట్నం వెళ్లినప్పుడు ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే వారికి ఇస్తున్నాం.

ఒక టార్చికి రెండు 35ఇ సెల్లులు, ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒక నమ్మకమైన చార్జరు ఉంటే చెరువు పనికి చాలు; అంతకు మించి ఆంపియర్లకు డబ్బు పెట్టడం దండగ.