బడి కమిటీయా, గ్రామసభా, మహిళా సంఘమా: మొదట ఎక్కడ చేరితే మేలు?

"అక్కా, ఊరికోసం కొంచెం టైమ్ పెట్టాలనుంది. సంఘంలో చేరాలా, గ్రామసభలకు పోవాలా, బడి కమిటీలో పేరిచ్చుకోవాలా?" ఈ మధ్య ఈ మాట చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఒకరిద్దరు పిల్లలున్న తల్లులు, హైదరాబాద్‌లోనో పుణెలోనో పనిచేసి ఊరికి తిరిగొచ్చిన కుర్రాళ్లు. మూడింటికీ పొమ్మని చెప్పడం తేలికే. కానీ పొద్దంతా కూలికి పోయి, వచ్చి పొయ్యి వెలిగించుకునే మనిషికి నెలలో ఖాళీగా దొరికేది ఒకటి రెండు పూటలు. ఆ పూట ఎక్కడ పెడితే ఫలితం ఉంటుందో తేల్చుకోవాలి. నేను బడి కమిటీలో, అంటే సర్కారు బడి ఎలా నడుస్తుందో చూసే తల్లిదండ్రుల కమిటీలో, కూర్చున్నాను. ఎందుకో చెబుతాను, మిగతా రెండింటిలో ఉన్న మంచినీ దాచను.

మాది గద్వాల నడిగడ్డ. కృష్ణా, తుంగభద్ర రెండూ పక్కనే పారుతున్నా వలసలు ఆగని నేల. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు. తెలంగాణ జిల్లాలన్నింటిలో అదే అట్టడుగు. నేను రాసేది ఇలాంటి చోటును దృష్టిలో పెట్టుకునే. చదువుకున్నవాళ్లు ఎక్కువున్న ఊళ్లలో లెక్క వేరేగా ఉండొచ్చు.

మూడింటినీ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను. ఒకసారి అడిగిన మాటను మళ్లీ అడగడానికి వీలుందా? మొదటిసారి అడగడం ఎవరైనా చేస్తారు. కడుపు మండితే మైకు లేకపోయినా అడుగుతారు. అదే మనిషి ఎదుట నెల తర్వాత కూర్చుని "పోయిన నెల చేస్తామన్నారు, ఏమైంది?" అని అడిగినప్పుడే పని కదులుతుంది. నేను చూసినంతలో, రెండోసారి అడుగుతారని తెలిసిన చోట మొదటిసారి ఇచ్చే జవాబు కూడా జాగ్రత్తగానే వస్తుంది.

అధికారం మాటకొస్తే గ్రామసభకు సాటి లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, సభ్యురాలే. ఎవరూ ఎన్నుకోనక్కర్లేదు, ఎవరూ తీసేయలేరు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ జరగాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి వేదిక లేదు.

జరిగే తీరు వేరు. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా జాబితాలు చదివారు. జనం విరగబడి వచ్చారు. పేరున్నవాళ్లు వినేసి వెళ్లిపోయారు, లేనివాళ్లు గొడవపడ్డారు, అధికారులు దరఖాస్తులు తీసుకున్నారు. గొడవపడినవాళ్లను నేను తప్పుపట్టను. ఇల్లు లేని మనిషి ఇంటి గురించి అరవకపోతే ఇంకెవరు అరుస్తారు? కానీ ఆ రోజు మాట ఇచ్చిన అధికారి వచ్చే సభకు వస్తాడని ఎవరు చెప్పగలరు? పైగా అప్పటికి ఊళ్లలో సర్పంచులే లేరు. పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబర్‌లో గానీ జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. ఆంధ్రలోనూ ఇదే కథ: 2018 ఆగస్టులో పదవీకాలం అయిపోతే పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. ఇన్ని నెలలు జవాబు చెప్పే మనిషే లేకుండా పోతే రెండోసారి ఎవరిని అడగాలి?

ఇంకో ఇబ్బంది ఆడవాళ్లది. సర్పంచ్, వార్డు పదవుల్లో సగం ఆడవాళ్లకే అని రెండు రాష్ట్రాల్లోనూ చట్టం ఉంది. అయినా సభ రోజు కుర్చీల్లో మగవాళ్లు, చెట్టుకింద కొంగు కప్పుకుని ఆడవాళ్లు. వందమంది మగవాళ్ల మధ్య లేచి నిలబడి మొదటిసారి మాట్లాడటం అంత సులువు కాదు. అలవాటు లేని గొంతు అక్కడ వణుకుతుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ మనిషి మళ్లీ రాదు.

ఏజెన్సీ ఊళ్లవాళ్లకు మాత్రం నా సలహా వేరు. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం కింద ప్రభుత్వం భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. అక్కడ గ్రామసభను వదిలి ఇంకెక్కడ కూర్చున్నా నష్టమే.

మహిళా సంఘానికి వద్దాం. మళ్లీ మళ్లీ కలవడంలో సంఘమే ముందు. అవే ముఖాలు, అదే ఇల్లు, అదే లెక్కల పుస్తకం. నోరు విప్పడం చాలామంది ఆడవాళ్లకు అక్కడే అలవాటైంది. బ్యాంకు మేనేజర్ ఎదుట కుర్చీలో కూర్చోవడం మా అమ్మ తరానికి ఊహకందని సంగతి, ఇవాళ మామూలైపోయింది. అది చిన్న మార్పు కాదు.

అయితే మీటింగ్‌లో మాట దేనిచుట్టూ తిరుగుతుందో గమనించండి. కిస్తీ, వడ్డీ, ఎవరు కట్టలేదు, కొత్త లోన్ ఎప్పుడు. సంఘాలను చూసుకునే ఉద్యోగి సీసీ వచ్చినా అదే అడుగుతుంది. కట్టలేని మనిషి సిగ్గుతో మీటింగ్‌కు రావడం మానేస్తుంది. నిజానికి అందరికన్నా ఎక్కువగా మాట్లాడాల్సింది ఆమే. పెద్దాయనెవరో మండలానికి వస్తున్నారంటే బస్సులు నింపడానికి కూడా సంఘాలనే పిలుస్తారు. వెళ్లకపోతే ఏమవుతుందో అని టెన్షన్.

సంఘం గొప్పతనం చెప్పేటప్పుడు అందరూ నెల్లూరు సారా ఉద్యమాన్ని తలుస్తారు. తలవాల్సిందే. కానీ అక్కడ ఏది ముందు వచ్చిందో మర్చిపోతున్నాం. దూబగుంటలో ఆడవాళ్లు మొదట కూర్చున్నది అక్షరాస్యత ఉద్యమం పెట్టిన రాత్రి బడిలో. చదివిన పాఠం మీద మాట్లాడుకుంటూ సారా సంగతికి వచ్చారు. దూబగుంట రోశమ్మలాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. 1992లో అది జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. రెండేళ్లకే దాన్ని ఎత్తేశారన్నది వేరే బాధ. నెల్లూరులో పొదుపు సంఘాలు ఊరూరా విస్తరించింది ఆ పోరాటం తర్వాతే. అంటే చదువు దగ్గర మొదలై సమాజంలోకి, అక్కడి నుంచి రాజకీయంలోకి వెళ్లారు ఆ తల్లులు. రంగారెడ్డి జిల్లాలోనూ అంతే. 1991 నుంచి శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని బడికి తేవడంతో మొదలుపెట్టింది. ఆ పనిలోకి తల్లిదండ్రులు, యువకులు, సర్పంచులు అందరూ వచ్చారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. నేను బడివైపు మొగ్గడానికి ఈ రెండు ఉదాహరణలూ ఒక కారణం.

ఇక బడి కమిటీ. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తుందో చూడటం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం కమిటీ పని. మిగతా రెండు చోట్లా లేనిది ఇక్కడ ఒకటుంది: జవాబు చెప్పాల్సిన హెడ్‌మాస్టర్ రేపు పొద్దున కూడా అదే గేటులోంచి వస్తారు. మనమూ పిల్లను దింపడానికి అదే గేటు దగ్గరికి వెళ్తాం.

అడిగేవి కూడా కంటితో చూసి తేల్చుకునేవే. ఐదో తరగతి వరకు పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, ఆ పైన 150 గ్రాములు వండాలి. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు ఇవ్వాలి. బాత్రూమ్‌లో నీళ్లు వస్తున్నాయా లేదా అన్నది తలుపు తీస్తే తెలుస్తుంది. సమగ్ర శిక్ష కింద వచ్చే గ్రాంటు కూడా పిల్లల సంఖ్యను బట్టే: 31 నుంచి 100 మంది ఉంటే ఏడాదికి 25 వేలు, 250 దాకా 50 వేలు. ఈ లెక్క తెలిసిన తల్లికి ఎవరూ "డబ్బుల్లేవమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పి పంపలేరు.

మా దగ్గర అసలు సమస్య వానాకాలంలో వస్తుంది. సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి. సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి భాగం గిల్లి తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. వంగి చేసే పని, చిన్న వేళ్లయితే తొందరగా సాగుతుందని పిల్లల్ని దించుతారు. రెండు మూడు నెలలు చేలల్లో ఇదే పని. మా కమిటీ ఆగస్టు మీటింగ్‌లో హాజరు రిజిస్టర్ తెప్పించి వరండాలో పరిచాం. ఏడో తరగతి పేజీలో జూలైలో అక్కడక్కడా ఉన్న ఎర్ర 'ఎ'లు ఆగస్టులో వరసలు వరసలుగా ఉన్నాయి. అన్నీ ఆడపిల్లల పేర్ల ఎదురుగానే ఎక్కువ. ఒక్కో పేరు చదివాం. వాళ్లలో ఒక పిల్ల తల్లి అక్కడే ఉంది. "క్రాసింగ్ అయిపోయినంక పంపుతా, ఇప్పుడైతే కూలోళ్లు దొరుకుతలేరు" అంది. తిట్టలేదు. "ఎప్పటి నుంచి పంపుతావు పెద్దమ్మా, తారీఖు చెప్పు" అని అడిగాం. చెప్పింది, పుస్తకంలో రాశాం. తర్వాతి మీటింగ్‌లో అదే పేజీ తీసి మళ్లీ అడిగాం. కొందరు పిల్లలు వచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్ల గురించి ఇంకా అడుగుతూనే ఉన్నాం. విత్తన కంపెనీలకూ రైతులకూ మధ్యవర్తులైన సీడ్ ఆర్గనైజర్లు ఇచ్చిన అడ్వాన్స్ తీసుకున్న ఇంటివాళ్లను ఒక్క మాటతో ఒప్పించలేం, ఆ అప్పు సంగతి సంఘంలోనే తేలాలి. అక్కడ సంఘం అవసరం నాకు బాగా తెలిసొచ్చింది.

బడి కమిటీకి లోపాలు లేవని కాదు. టీచర్ పోస్టులు, బదిలీలు కమిటీ చేతిలో లేవు. లెక్కల సారు లేకపోతే మనం రాసే తీర్మానం మండలం దాటి వెళ్లేసరికి ఏడాది తిరిగిపోతుంది. చాలా బడుల్లో మీటింగ్ మొదలవకముందే పుస్తకం చేతికిచ్చి "ముందు సంతకం పెట్టమ్మా" అంటారు. వేలిముద్ర వేసేవాళ్లకైతే ఏం రాశారో చదివి వినిపించరు. ఇది అడ్డుకోవాల్సిన అలవాటు. చివర్లోనే సంతకం పెడతామని, రాసింది పైకి చదవమని మొదటి మీటింగ్‌లోనే గట్టిగా చెప్పాలి. దీంతోపాటు 2024 నుంచి తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలే వాటికి అధ్యక్షురాలు, హెడ్‌మాస్టర్ కన్వీనర్. తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతులు, యూనిఫాం కుట్టడం వాటికి అప్పగించారు. సంఘాన్నీ బడినీ కలపడం మంచి ఆలోచనే. అయితే ఒకే బడికి రెండు కమిటీలైతే ఇది మా పని కాదంటే మా పని కాదని తోసుకునే వీలు ఏర్పడుతుంది. మీ ఊళ్లో రెండూ ఉంటే ఒకే రోజు, ఒకే చోట కూర్చోబెట్టండి.

వార్డు మెంబర్‌గా పోటీ చేయమంటారా అని కొందరు అడిగారు. 21 ఏళ్లు నిండితే చేయొచ్చు, కానీ మొదటి అడుగుగా నేను చెప్పను. యువజన సంఘాలు పండుగలప్పుడు బాగా పనిచేస్తాయి. పార్టీలో చేరాలనుకుంటే అది మీ ఇష్టం. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం ఎక్కడ కూర్చున్నవాళ్లకైనా పనికొస్తుంది: గ్రామస్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి.

కాబట్టి సర్కారు బడిలో పిల్లలున్న తల్లికి, తండ్రికి నా సలహా బడి కమిటీ. ఏడాది అక్కడ కూర్చుని రెండోసారి అడగడం అలవాటయ్యాక గ్రామసభకు వెళ్లండి. ఒంటరిగా వద్దు, కమిటీలోని ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి, బడి తీర్మానం కాపీ చేతిలో పట్టుకుని వెళ్లండి. సంఘంలో ఇప్పటికే ఉన్నవాళ్లు అది మానక్కర్లేదు. పిల్లలు పనికి పోయే సంగతిని సంఘం మీటింగ్‌లో కూడా ఎత్తండి. పిల్లలు ప్రైవేటు బడిలో ఉన్నవాళ్లకు, ఇంకా పెళ్లికాని కుర్రాళ్లకు కమిటీలో తల్లిదండ్రులుగా చోటు ఉండదు. వాళ్లు గ్రామసభతోనే మొదలుపెట్టాలి. వెళ్లేముందు పోయిన సభ తీర్మానాల పుస్తకం పంచాయతీ కార్యదర్శిని అడిగి తీసుకుని చదివి, అందులో జరగని పని ఒక్కటి ఎంచుకుని, దాని గురించే అడగండి.