పాతకాలపు ఫ్రెంచి కార్ల నమూనాలు: 1:43 మేలా, 1:18 మేలా?

రెండో ప్రపంచ యుద్ధానికి ముందునాటి ఫ్రెంచి విలాస కార్ల డైకాస్ట్ (కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసే) నమూనాలు సేకరించాలనుకునేవారు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు: ఉన్న డబ్బుతో 1:18 స్కేలులో, అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు కొలతలో, ఒక్క బుగాటీ కారు కొనుక్కోవడం మంచిదా, ఇంకా చిన్నదైన 1:43లో నాలుగైదు కార్లు కూర్చుకోవడం మంచిదా? ఈమధ్య నేనూ ఇదే సందిగ్ధంలో పడి, చివరకు చిన్న స్కేలు వైపే మొగ్గాను.

పెద్ద స్కేలు బలాన్ని తక్కువ చేయలేను. బుగాటీ 57ఎస్‌సీ అట్లాంటిక్‌నే తీసుకుందాం. 1935 నాటి ఏరోలిత్ అనే తొలి కారును ఎలక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రలోహంతో చేశారు. ఆ రేకులను వెల్డింగు చేయడం కష్టం కనుక అంచులను పైకి నిలిపి రివెట్లతో బిగించారు. తర్వాత అల్యూమినియంతో కట్టిన అట్లాంటిక్‌లకు ఆ అవసరం లేకపోయినా, అందం కోసం నడినెత్తిన ఆ అంచును అలాగే ఉంచారు. నమూనాలు చేసే సీఎంసీ సంస్థ వారి 1:18 నమూనాలో ఆ రివెట్లను ఒక్కొక్కటిగా చూడవచ్చు, బానెట్ తెరిచి ఎనిమిది సిలిండర్ల ఇంజనును తనివితీరా పరిశీలించవచ్చు. 1:43లో ఆ రివెట్లు సన్నని చుక్కలుగా మిగులుతాయి, హిస్పానో-సుయిజా కార్ల రేడియేటరు మీది చిహ్నమైన కొంగ బొమ్మ ఆనవాలు పట్టలేనంత చిన్నదవుతుంది.

అయినా నా దృష్టిలో తేల్చేది వేరే విషయం. ఆనాటి ఫ్రెంచి కార్ల అందం పక్కపక్కన పెట్టి చూసినప్పుడే పూర్తిగా తెలుస్తుంది. డెలాహే 135 కారుకు ఛాసీ (అడుగు చట్రం), ఇంజను డెలాహే సంస్థవి; బాడీని మాత్రం కొన్నవారు ఫిగోనీ-ఫలాస్కీ దగ్గరో, షాప్రాన్ దగ్గరో, సౌచిక్ దగ్గరో తమ అభిరుచి కొద్దీ కట్టించుకునేవారు. ఒకే ఛాసీ మీద ఒక్కొక్కరి చేతిలో మడ్‌గార్డు వంపు ఎలా మారిందో తెలియాలంటే కనీసం మూడు కార్లైనా ఒకే అరలో ఉండాలి. బుగాటీ రోయల్ సంగతీ అంతే. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే తయారైన ఆ కారు పొడవు సుమారు 6.4 మీటర్లు, 1:18లో అది 35 సెంటీమీటర్లు దాటుతుంది. బల్ల మీద ఒంటరిగా నిలిపితే పెద్ద బొమ్మ అనిపిస్తుందే గాని, పెద్ద కారని తోచదు. అదే 1:43లో రోయల్ చక్రాల మధ్య దూరం 10 సెంటీమీటర్లుంటే, పక్కనున్న అట్లాంటిక్‌కు 7 కూడా ఉండదు. బుగాటీ సంస్థ స్థాపకుడు ఎత్తోరె బుగాటీ ఎంతటి కారును ఊహించాడో ఆ క్షణంలో కళ్లకు కడుతుంది. పైగా 1:43 ఫ్రెంచి సంస్థలకు బాగా అలవాటైన స్కేలు: సాలిడో 'స్వర్ణయుగం' వరుసలోని రోయల్, హిస్పానో-సుయిజా హెచ్6బీ వంటి పాత నమూనాలు ఈ స్కేలులోనివే.

1:24 ఇటూ అటూ కాని మధ్యస్థం, ఎంపిక తక్కువ. రెజిన్ (ప్లాస్టిక్ వంటి పదార్థం) నమూనాలలో గీతలు డైకాస్ట్ కన్నా పదునుగా ఉంటాయి గాని సాధారణంగా తలుపులు తెరుచుకోవు, ఎండ వేడికి వంకరపోయే ప్రమాదమూ ఉంది.

ఏ స్కేలులోనైనా పాత డైకాస్ట్ కొనేటప్పుడు అడుగుభాగాన్ని వెలుతురులో తిప్పి చూడండి. జింకు మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిసి ఉంటే తేమకు లోహం లోలోపలే చిట్లుతుంది. రంగు కింద సన్నని పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయాలి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఉండేవారు.